దొర పేరు కింద

ఆగస్టు 19

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు రుమానా రాస్తోంది. నా మాటల్ని పుస్తకాల తెలుగులోకి తిప్పి రాస్తోందని మధ్యలో తెలిసింది. ఇదేమిటని అడిగితే, "నువ్వు మాట్లాడినట్టే రాస్తె రేపు నాకే సమజ్ గాదు దాదీ" అంది. "సరె, రాయి. గానీ ఎవలన్న ఒక్క మాటంటె ఆ మాట గట్లనే ఉండాలె. దాన్ని ఇస్త్రీ జెయ్యకు" అన్నాను.

ఇది ఎవరికీ చూపించేది కాదు. కమిటీ ముందు నిలబడగానే నాకు కోపం వచ్చి అసలు సంగతి మరిచిపోతాను. రోజూ కొంత చెప్పుకుంటే మాట వరసలో పడుతుంది.

నా కేసు చిన్నది. కాజీపల్లి అవతల నేను పుట్టిన ఊళ్ళో, ఆ కాలంలో దొర మీదా పాదుషా మీదా తిరగబడ్డవాళ్ళ పేర్లు చెక్కి స్తూపం నిలబెడుతున్నారు. పాదుషా రాజ్యం పోయిన రోజని సెప్టెంబరు పదిహేడున తెర తీస్తారు. ఆ పేర్లలో మా నాయన గులాం రసూల్ పేరు లేదు. ఉండాలి.

ఆగస్టు 21

పటేల్‌గూడలో కమిటీ పెద్ద కామేశ్వరరావు ఇంటికి పోయాం. నా కొడుకు యూనుస్ ఆటో మాట్లాడాడు కానీ దారంతా నోరు విప్పలేదు. కామేశ్వరరావుది మా వైపు కాదు. పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. పాత సంగతులంటే ఇష్టమని ఊరివాళ్ళే ఆయన్ను పెద్దగా పెట్టుకున్నారు. మర్యాదస్థుడు. నాకు తన కుర్చీ ఇచ్చి తాను స్టూలు మీద కూర్చున్నాడు. ఆ మాట కూడా మర్యాదగానే అన్నాడు.

"అమ్మా, మరోలా అనుకోకండి. మీ నాన్నగారు రజాకార్లలో ఉండేవారని ఊళ్ళో అంటారు."

"అనేటోళ్ళెవలు? పేరు జెప్పు."

"పేర్లెందుకులెండి."

"పేరు కోసమే గద సారూ నేనొచ్చింది. పేర్లే జెప్పాలె."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పోలీసు యాక్షన్ అప్పుడు ఆయన్ను పట్టుకుపోయారట కదండీ. రజాకారు కాకపోతే ఎందుకు పట్టుకుపోతారు? ఏదైనా ఆధారం ఉంటే చూపించండి. నేనే దగ్గరుండి చెక్కిస్తాను."

"నేనున్న గద. నేను సాలనా?"

"మీరు కూతురు కదమ్మా. బయటివాళ్ళెవరైనా చెప్పాలి."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో యూనుస్‌కు నోరొచ్చింది. "ఎందుకమ్మీ ఈ పరేషాన్? ఇస్నాపూర్ల మన దుకాణం ముంగటికెల్లి అన్ని పార్టీలోళ్ళు పోతరు. రేపు ఎవడన్న ఒకడు 'గిదే రజాకారోని మనుమడి దుకాణం' అంటె నా గిరాకీ ఏంగావాలె? సచ్చినోళ్ళకు పేరెందుకు?"

"మరి నీ పేరు బోర్డు మీద గంత పెద్దగ ఎందుకు రాపిచ్చినవ్‌రా? 'యూనుస్ పరుపులు' అని అర కిలోమీటరు కెల్లి కానొస్తది."

ఆటోవాడు నవ్వాడు. యూనుస్ నవ్వలేదు.

ఆగస్టు 22

రజాకారు బిడ్డ అనే మాట నాకు కొత్త కాదు. చిన్నప్పుడు బావి దగ్గర అన్నారు. నా పెళ్ళిలో అన్నారు. ఇప్పుడు స్టూలు మీద కూర్చుని అంటున్నారు. నాకేమీ అనిపించలేదు.

నిన్నటి నుంచి అన్నం తినలేదని రుమానా అంటోంది. ఆకలి లేక తినలేదు.

ఆగస్టు 24

ఈరోజు గడీ గురించి చెబుతాను. కోటలాంటి దొర ఇంటిని గడీ అనేవాళ్ళం. ఊళ్ళో ప్రతి కులానికీ గడీలో ఒక వెట్టి పని ఉండేది. మాదిగ బాగయ్య దొర బండి ముందు పరుగెత్తాలి. బాగయ్య పెళ్ళాం నీళ్ళు మోయాలి. మేము దూదేకులవాళ్ళం కాబట్టి మాకు దూది. చలి మొదలయ్యే ముందు నాయన దూదేకే విల్లు భుజాన వేసుకుని గడీకి పోవాలి. అక్కడి పరుపులూ రజాయిలూ అన్నీ విప్పి, దూది ఏకి, మళ్ళీ నింపి కుట్టాలి. కూలీ లేదు. మా ఇంట్లో మాత్రం అందరం గోనెపట్టా మీద పడుకునేవాళ్ళం. దూదేకులవాడి ఇంట్లో పరుపు లేదు. ఇది తప్పకుండా రాయి, రుమానా.

మా నాయనకు ఒక భ్రమ ఉండేది. దొర చెడ్డవాడు, పాదుషా మంచివాడు, కింద జరిగేది పాపం ఆయనకు తెలియదు అని. ఊళ్ళో మిగతావాళ్ళకు ఈ భ్రమ ఇంత గట్టిగా లేదు. మాకే ఉండేది, ఎందుకంటే శుక్రవారం మసీదులో పాదుషా పేరు చెప్పి దువా చేసేవాళ్ళం. దువా చేసినవాణ్ణి నమ్మకుండా ఎట్లా ఉంటాం?

నాయన ఒకరి చేత దొర మీద అర్జీ రాయించుకుని, పట్నం దాకా నడిచిపోయి, పెద్ద కచేరీలో ఇచ్చి వచ్చాడు. వచ్చి మా అమ్మతో, "ఇగ సూడు. పాదుషా తాకీదు వొస్తది. దొర మన గుడిసె ముంగటికొచ్చి నిలవడ్తడు" అన్నాడు. అమ్మ వాకిలి అలికి ముగ్గు కూడా వేసింది. పిచ్చిది.

తాకీదు రాలేదు. అర్జీయే తిరిగి వచ్చింది, అదీ దొర చేతికి! విచారించి జవాబు పంపమని మొహరు వేసి మరీ పంపారు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళ చేతికే విచారణ.

దొర గడీ ముందు ఊరందర్నీ కింద కూర్చోబెట్టి ఆ అర్జీ చదివించాడు. ఒక్కో ముక్కకూ నవ్వాడు. దొర నవ్వితే అందరూ నవ్వాలి. బాగయ్య కూడా నవ్వాడు. అది బాగయ్యే తర్వాత మా ఇంటికొచ్చి చెప్పుకుని ఏడ్చాడు. చదవడం అయ్యాక ఆ కాగితాన్ని మా నాయన చేత నమిలించి మింగించారు.

సాయంత్రం నాయన ఇంటికి వచ్చి నోరు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అన్నాడు: "దొర, పాదుషా ఇద్దరు గాదు బిడ్డా. ఒక్కడే మనిషి. పైన టోపీ వెట్టుకుండు, కింద చెప్పులేసుకుండు."

ఆగస్టు 26

బాగయ్య ఒకాయన్ను తీసుకొచ్చాడు. దొరల మీద కొట్లాడే సంఘం మనిషి అన్నారు. తన పేరు చెప్పేవాడు కాదు. నాయన విల్లు మీటుతూ దూది ఏకుతుంటే, ఆ టంగు టంగు చప్పుడులో ఆయన మాట్లాడేవాడు, బయటికి వినపడకుండా. దూది ఏకే చోట మీటింగు జరుగుతుందని ఎవరనుకుంటారు? నేను గడప దగ్గర కూర్చుని గడీ మనిషి కనిపిస్తే దగ్గాలి. దగ్గడం నా పని. నాకంటే బాగా దగ్గేవాళ్ళు ఆ తాలూకాలో లేరు.

వాళ్ళ మాటలు నాకు వినపడుతూనే ఉండేవి.

"రాజు లేకుంట రాజ్యం ఉంటదా?" అని నాయన అడిగాడు.

"ఉంటది."

"మరి అర్జీ ఎవలకు వెట్టాలె?"

"ఎవలకు వెట్టుడు లేదు. నువ్వు, బాగయ్య, నేను గూసొని మనమే ఫైసల జేసుకుంటం."

నాయన ఇంకో రెండుసార్లు విల్లు మీటాడు. "ముగ్గురం ఒక్క సాప మీదనా?"

"ఒక్క సాప మీదనే."

బాగయ్య అప్పుడు మా గడప బయట, నా పక్కన కూర్చుని ఉన్నాడు. ఎన్నిసార్లు వచ్చినా లోపలికి అడుగు పెట్టేవాడు కాదు, మేమూ రమ్మనలేదు. నాయన విల్లు కింద పెట్టి బయటికొచ్చాడు. బాగయ్య చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి చాప మీద కూర్చోబెట్టాడు. బయట పాదుషా రాజ్యం ఇంకా ఉంది. మా ఇంట్లో మాత్రం ఆ పూటతో పోయింది.

ఆగస్టు 27

గడీలో దొర బిడ్డ పెళ్ళి వచ్చింది. మగపెళ్ళివారు ఊరు ఊరంతా వస్తారు, అందరికీ పరుపులు కావాలి. వాకిట్లో పత్తి కుప్పలు పోయించారు. తెల్లవారింది. మా నాయన పోలేదు. నీళ్ళు మోసేవాళ్ళు పోలేదు. చాకలివాళ్ళు పోలేదు. మంగలి పోలేదు. గడీ గుమాస్తా ఇంటింటికీ తిరిగి అరిచాడు. ప్రతి ఇంట్లో ఒకటే జవాబు: "పెయ్యి మంచిగ లేదు." ఊరంతటికీ ఒక్కరోజే జబ్బు చేసింది!

మగపెళ్ళివారు వచ్చి గింజలు తీయని పత్తి మీద పడుకుని తెల్లవార్లూ పొర్లారు. పొద్దున గాలి లేచి పత్తి గడీ అంతా ఎగిరింది. దొర తన చేత్తో కడవ ఎత్తుకుని బావి దగ్గరికి వచ్చాడు. మీసాలకు పత్తి పట్టి ఉంది. మేము పిల్లలం గోడ చాటు నుంచి చూశాం. ఆ రోజు నవ్వినట్టు నేను నా పెళ్ళిలో కూడా నవ్వలేదు.

రుమానా రాయడం ఆపి నవ్వుతోంది. నవ్వనీ.

ఆగస్టు 28

ఆ తర్వాతి సంగతి రేపు.

ఆగస్టు 29

రేపు చెబుతాను.

ఆగస్టు 31

వాన. వాన పడిందంటే ఏ ఫ్యాక్టరీవాళ్ళు ఏ గొట్టం తెరుస్తారో తెలియదు, ఇంట్లోకి కుళ్ళిన కోడిగుడ్ల వాసన కొడుతుంది. పనికొచ్చి పక్క కిరాయి గదుల్లో ఉండే ఒడిశా పిల్లలు తలుపులు బిగించుకున్నారు. ఇవాళ చెప్పడం కుదరదు. వాసన వల్ల.

సెప్టెంబరు 2

రుమానా స్కూటీ మీద పోయి మొగులమ్మను తీసుకొచ్చింది. మొగులమ్మ బాగయ్య కూతురు. నా ఈడుదే. ఇంకా ఆ ఊళ్ళోనే ఉంటోంది. బాగయ్య పేరు స్తూపం మీద ఉంది.

"ఏందే ఆలంబీ, ఇంక సావలేదా నువ్వు?"

"నిన్ను సాగనంపినంక పోదామని."

"ఏందీ? చెవులు ఇనొస్తలేవు. జెర గట్టిగ తిట్టు."

గట్టిగానే తిట్టాను. ఇద్దరం చాయ్ తాగాం. అప్పుడు అదే ఎత్తింది. "నీ నాయన్ను దొర ఏలుతోటి సూపెట్టిండు. నేను ఆడనే రాయి మీద గూసున్న. ఈ కండ్లతోటి సూసిన."

"కమిటీ ముంగట జెప్తవా?"

"కమిటీ ఏంది, కలెక్టరు ముంగట జెప్త. గానీ నన్ను మళ్ళ ఆ స్కూటీ ఎక్కియ్యకుండ్రి. నడుం ఇరిగింది."

అది చెప్పేసింది కాబట్టి నేనూ చెప్పాలి.

గడీలో ఆ పెళ్ళి అయ్యాక, పాదుషా తరఫున కొట్లాడే రజాకార్లు మా ఇంటికి వచ్చారు. "నువ్వు మనోడివి, బల్లెం పట్టు" అన్నారు. "నేను దూది ఏకేటోణ్ణి, మనుషుల్ని గాదు" అన్నాడు నాయన. వేళ్ళు విరగ్గొట్టి పోయారు. మళ్ళీ విల్లు పట్టలేదు. ఆ రోజుల్లోనే బాగయ్యను జైల్లో వేశారు.

తర్వాత పాదుషా మీదికి పటాలం వచ్చింది. పాదుషా రాజ్యం పోయింది. నాయన వంకర తిరిగిన వేళ్ళతోనే ఊళ్ళో అందరికీ చక్కెర పంచాడు. నిన్నటిదాకా పాదుషా మనిషిగా ఉన్న దొర తెల్ల టోపీ పెట్టుకుని పటాలం వాళ్ళకు పూలదండలు వేశాడు. ఈ ఊళ్ళో రజాకార్లెవరని వాళ్ళు అడిగారు. దొర మా నాయన వైపు వేలు చూపించాడు. కాదని చెప్పడానికి బాగయ్య లేడు. మిగతావాళ్ళకు నోరు పెగల్లేదు.

నాయన చేతిలో ఇంకా చక్కెర ఉంది.

అట్లాగే పట్టుకుపోయారు. తిరిగి రాలేదు.

దీని మీద ఇంకేమీ అడగొద్దని రుమానాకు చెప్పాను.

సెప్టెంబరు 5

గెలిచాను! మొగులమ్మ కమిటీ ముందు చెప్పింది. అరిచి చెప్పింది, దానికి మెల్లగా చెప్పడం రాదు. ఆటోలో వచ్చింది. అంతా విన్నాక కామేశ్వరరావు లేచి నా ముందుకొచ్చి చేతులు జోడించాడు. "తప్పు మాట అన్నానమ్మా. మీ నాన్నగారి పేరు రేపే చెక్కిస్తాను. మిగతావి చెక్కడం అయిపోయింది కాబట్టి చివర్న వస్తుంది, పరవాలేదా?"

చివరైతేనేం, మొదలైతేనేం. యూనుస్ కిలో మిఠాయి తెచ్చి పక్క గదుల్లో పిల్లలందరికీ పంచాడు.

సెప్టెంబరు 6

అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూడమని రుమానాను రాళ్ళు చెక్కే చోటికి పంపాను. ఫోన్లో ఫోటో తీసుకొచ్చి పై నుంచి చదవడం మొదలుపెట్టింది. మొదటి పేరు దగ్గరే ఆగిపోయింది.

దొర పేరు. అందరికంటే పైన, అందరికంటే పెద్ద అక్షరాల్లో. ఆ పేరు నా నోటితో చెప్పను. రుమానా, నువ్వూ రాయొద్దు.

కామేశ్వరరావుకు ఫోన్ చేశాం. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. "స్తూపానికి స్థలం ఇచ్చింది ఆయన మనవడు శ్రావణ్‌కుమారే కదమ్మా. వాళ్ళ తాతగారే ముందు నిలబడి సైన్యానికి స్వాగతం చెప్పారని అన్నాడు, నమ్మాను. నిన్న మొగులమ్మగారు చెప్పాక నాకూ మనసులో ఏదోలా ఉంది. కానీ ఇప్పుడు తీసేయమంటే స్థలం పోతుంది."

పైన ఆయన. కింద బాగయ్య, మిగతావాళ్ళు. అందరి కింద మా నాయన.

సెప్టెంబరు 7

శ్రావణ్‌కుమార్ పెద్ద కారు వేసుకుని మా గల్లీలోకి వచ్చాడు. కారు తిరగలేదు, బయటే పెట్టి నడిచి వచ్చాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, నేను పుట్టకముందటి ముచ్చట. ఇప్పుడు దొర లేడు, పాదుషా లేడు. మీ నాయన పేరు ఎక్కుతది, మా తాత పేరు ఉంటది. అందరం ఒక్కటే."

"ఒక్కటే అయితె మీ తాత పేరు అడుగుకు వెట్టు."

"జాగ నేనిచ్చిన గద అవ్వా."

"నీకెవలిచ్చిండ్రు బిడ్డా?"

"మా తాత."

"తాతకెవలిచ్చిండ్రు?"

ఫోను తీసి చూసుకున్నాడు. అది మోగలేదు. నీళ్ళిస్తే తాగి, వెళ్ళొస్తానని చెప్పి లేచాడు. చెడ్డ పిల్లవాడు కాదు. చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది.

అతను పోయాక యూనుస్ నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ఒప్పుకో అమ్మీ. మీదనో కిందనో, తాత పేరు ఎక్కుతది. రజాకారన్న మాట పోతది. నీకు గదే గావాలె గద?"

సెప్టెంబరు 8

యూనుస్ అన్నది తప్పు కాదు. నాకు అదే కావాలి. నేను బతికుండగానే ఆ మాట పోవాలి. ఇంకో స్తూపం కట్టేదాకా నేను ఉంటానా?

రాత్రి నిద్ర బాగానే పట్టింది. పట్టలేదని రాస్తానంటోంది రుమానా. రాయనివ్వను.

సెప్టెంబరు 12

ఊళ్ళో కమ్యూనిటీ హాల్లో మీటింగు. పేర్లున్న ఇళ్ళవాళ్ళంతా వచ్చారు. శ్రావణ్‌కుమార్ ముందు వరసలో కూర్చున్నాడు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. రుమానా చేయి పట్టుకుని లేచాను.

"సారూ, మా నాయన పేరు తీసేయిండ్రి."

కామేశ్వరరావు మైకు దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఇంత పోట్లాడి సాధించుకున్నారు. ఇప్పుడు తీసేయమంటారేమిటి?"

"ఆ రాయి మీద మొదటి పేరు ఎవలదో అందరికి సదివి ఇనిపియ్యిండ్రి."

చదివాడు. చదవక తప్పలేదు. చాలామందికి అప్పుడే తెలిసింది.

"దొర మా నాయన్ను కింద గూసుండవెట్టి కాగితం మింగిచ్చిండు. ఏలుతోటి సూపెట్టి సంపిచ్చిండు. మళ్ళ ఆయన కిందనే గూసుండవెడ్తరా? నా బొందిల పానముండంగ గూసుండనియ్య. రజాకారనే అనుకోండ్రి, గానీ దొర పేరు కింద మా నాయన ఉండడు."

అనేశాక కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. వయసు వల్ల.

"ఏమంటుందే ఇది?" అని మొగులమ్మ అరిచింది. రుమానా పోయి దాని చెవిలో చెప్పింది. మొగులమ్మ కర్ర ఊతంగా లేచింది. "గట్లయితె మా నాయన పేరు సుత తీసెయ్యి. బాగయ్యది. తీసెయ్యిరి."

దయావతి టీచరు లేచింది. "మా తాత పరంజ్యోతి పేరు కూడా తీసేయండి సార్." వెనక నుంచి ఒకాయన, "మాది ఉంచుండ్రి, మాకెందుకీ లొల్లి" అన్నాడు. ఆయన తల్లి పక్కనే ఉంది. వీపు మీద ఒక్కటిచ్చింది. "మాది సుత తీసెయ్యిరి" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నసిగారు. తర్వాత వాళ్ళూ లేచారు.

రాయి మీద ఒక్క పేరు మిగిలింది.

"ఒక్క పేరు తోని వెడ్తె సమాధనుకుంటరు. ఊదుబత్తి ముట్టిచ్చి పోతరు" అంది మొగులమ్మ. హాలంతా నవ్వింది. శ్రావణ్‌కుమార్‌కు కూడా నవ్వు వచ్చింది. ఆపుకుని, లేచి, బయటికి వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 14

కామేశ్వరరావు ఫోన్ చేశాడు. ఆ రాయి వద్దని శ్రావణ్‌కుమారే చెప్పాడట. జాగా వెనక్కి తీసుకుంటానని అనలేదు. ఇస్తాననీ అనలేదు. కొత్త రాయికి ఇక టైము లేదు. పదిహేడున స్తూపం ఖాళీగానే ఉంటుంది.

"మీకు బాధగా ఉందా అమ్మా?" అని అడిగాడు.

"నాకేం బాధ" అన్నాను.

సెప్టెంబరు 17

పొద్దున్నుంచి ఊరేగింపులే. ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఎవరి జెండా వాళ్ళది. మా ఊళ్ళో స్తూపం మీద గుడ్డ తీశారు. కింద రాయి లేదు, సిమెంటు గోడ ఉంది.

కామేశ్వరరావు మైకు పట్టుకున్నాడు. "పేర్లు చెక్కలేకపోయాం. ఎవరి పేరు వాళ్ళే వచ్చి చెప్పండి" అన్నాడు. ముందు మొగులమ్మ పోయింది. మైకు ఇస్తే తోసేసింది. "నాకెందుకిది? నా గొంతు ఇస్నాపూర్ దాక ఇనొస్తది." బాగయ్య పేరు నిజంగానే అంత దూరం వినపడి ఉంటుంది. తర్వాత దయావతి టీచరు పోయింది. తర్వాత మిగతావాళ్ళు.

యూనుస్ దుకాణం మూసి వచ్చాడు. గిరాకీ లేక మూశానన్నాడు. సెలవు రోజు గిరాకీ లేకపోవడమేమిటో నాకు తెలియదు. గుంపులోంచి నన్ను చేయి పట్టుకుని ముందుకు తీసుకుపోయింది వాడే.

ఇన్ని రోజులు వరసలో పెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. గుర్తు రావలసిన పని కూడా లేకపోయింది.

"గులాం రసూల్. దూదేకులాయన. మా నాయన. దొర మీద, పాదుషా మీద తిరగవడ్డడు."

చప్పట్లు కొట్టారు. మైకు కోసం కామేశ్వరరావు చేయి చాపాడు. నేను ఇవ్వలేదు. వెనక నిలబడ్డవాళ్ళకు వినపడిందో లేదోనని ఇంకోసారి చెప్పాను.